చెట్టు, చెయ్యి, పొద్దు

నాంపల్లి స్టేషన్ నుంచి ఎం.జె. రోడ్డు పట్టుకుని మొజంజాహీ మార్కెట్ దిక్కు నడిస్తే ఎగ్జిబిషన్ మైదానం, గాంధీభవన్, ఆబ్కారీ శాఖ ప్రధాన కార్యాలయం అన్నీ ఆ చుట్టుపక్కలే కనిపిస్తాయి. ఇంకాస్త ముందుకు పోతే ఆబిడ్స్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా మూలాల మనిషి పెట్టిన దుకాణం వల్ల ఆ పేరొచ్చింది. విదేశీ సరుకు, విలాస వస్తువులు కావాలంటే ఆ కాలంలో నగరం అటే నడిచేది. నా ఉద్యోగమంతా ఈ రోడ్ల మధ్యనే తెలుగు పాఠాలు చెబుతూ గడిచింది. మా ఊరు జనగామ దిక్కు. మా నాయన కల్లుగీత కార్మికుడు. ఈ రోడ్డు మీద నడిచినప్పుడల్లా నాకు తోచే మాటనే ఇక్కడ రాస్తున్నాను. మా నాయన ఎక్కిన ప్రతి తాటిచెట్టుకూ ఈ నగరంలోని ఏదో ఒక దఫ్తరులో లెక్క ఉండేది. ఆయన దించిన కల్లు మంచిదా చెడ్డదా అన్న లెక్క మాత్రం ఏ దఫ్తరులోనూ లేదు.

మంచి కల్లును ఎంచుకోవడం మా ఊళ్లో పెద్ద విద్య. చెట్ల కిందికి వచ్చిన మనిషి కల్లు లొట్టి ముట్టుకునే ముందు మూడు సంగతులు కనుక్కునేవాడు: ‘ఏ చెట్టుది? ఎవరు గీసిండ్రు? ఎప్పుడు దించిండ్రు?’ ఈ మూడూ తెలిస్తే ఇంకేమీ అడగక్కర్లేదు. తెలియకపోతే ఎంత తెల్లగా నురుగెత్తినా ఆ కల్లును నమ్మేవాళ్లు కాదు.

మొదటిది చెట్టు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాళ్లల్లో మళ్లీ పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని రకాలు. ఒక్కో రకం ఒక్కో కాలంలో పారుతుంది. అందుకే మంచి గీత కార్మికుడి వనంలో ఒకదాని తర్వాత ఒకటిగా చలికాలం నుంచి ఎండాకాలం దాకా కల్లు తెగదు. తాటిచెట్టుకైతే గెలను కట్టి, పూటపూటకూ కొసను పలుచగా కోయాలి. ఈతచెట్టు పద్ధతి వేరు. మొవ్వు కింద మానును చెక్కి గాటు పెడతారు. ఒకసారి ఒక వైపు గీస్తే, దానికి విడుపునిచ్చి మరోసారి అవతలి వైపు గీస్తారు. ముసలి ఈతమాను మీద అటూ ఇటూ పడ్డ ఆ గాట్లను లెక్కపెట్టి, ఆ చెట్టును ఎన్నేళ్లు గీశారో మా నాయన చెప్పేవాడు. విడుపు లేకుండా గీస్తే చెట్టు సన్నబడిపోతుంది, ఆపైన ఎండిపోతుంది. రాయికట్టు నేల మీది చెట్టు కల్లుకూ చెరువు కట్ట కింది చెట్టు కల్లుకూ రుచిలో తేడా ఉంటుందని తాగేవాళ్లందరికీ తెలుసు.

రెండోది చెయ్యి. మోకు, ముస్తాదు నడుముకు కట్టుకుని, గీత కత్తులు పెట్టుకుని పొద్దున ఒకసారి, మాపున ఒకసారి చెట్టెక్కాలి. కోత మందమైతే గెల తొందరగా అయిపోతుంది, మరీ పలుచనైతే పారదు. లొట్టిని రోజూ కడిగి ఆరబెట్టాలి. కడగని లొట్టిలో నిన్నటి పులుపు దాగి ఉండి, ఇవాళ్టి తీపిని పొద్దెక్కకముందే విరిచేస్తుంది. మా నాయన లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసేవాడు. అది చూసి, మా ఊరివాళ్లు ఆయన కల్లును కళ్లు మూసుకుని తీసుకునేవాళ్లు.

మూడోది పొద్దు. చెట్టు నుంచి దిగే నీటిలో పదిపన్నెండు శాతం చక్కెర ఉంటుంది. గాలిలోని, లొట్టిలోని ఈస్టు, బాక్టీరియా వెంటనే పని మొదలుపెడతాయి. లొట్టి లోపల సున్నం పూసి, చల్లటివేళ దించి వెంటనే తాగితే అది నీరా. తెల్లవారుజామున దించిన కల్లు తీపి. మధ్యాహ్నానికి నాలుగైదు శాతం మద్యం చేరి ఘాటెక్కుతుంది. మాపటికి పులుపు పైకొస్తుంది. తెల్లారితే వెనిగరు దారి పడుతుంది. పులియడం మొదలయ్యాక దాన్ని ఆపే ఉపాయం చెట్టు కింద ఎవరి దగ్గరా ఉండేది కాదు. కనుక మంచి కల్లు అంటే దగ్గరి కల్లు. చెట్టుకూ తాగే రేకకూ మధ్య ఎంత తక్కువ దూరం, ఎంత తక్కువ సమయం ఉంటే అంత మంచిది.

ఈ ఎరుక మీదే ఊళ్లో ఒక కట్టుబాటు నిలబడింది. కొన్ని ఇళ్లకు వాడిక ఉండేది. ఫలానా ఇంటికి రోజూ ఇంత కల్లు పోయాలి, పంట చేతికొచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లు గింజలు కొలవాలి. బాలింతకు, పాత రోగికి ఏ చెట్టు కల్లు పోయాలో గీసేవాడికే తెలుసు. బోనాల పండుగలో అమ్మవారికి పోసే సాకలో కల్లు ఉండాలి. పోచమ్మకు, ఎల్లమ్మకు చెడిన కల్లు పోయడం అపచారం. పెళ్లిలో, చావులో, చుట్టాల రాకలో అదే. చెట్టెక్కే ముందు మావాళ్లు కులదైవం కాటమయ్యను తలుచుకునేవాళ్లు. ఎక్కినవాడు క్షేమంగా దిగడం ప్రతిపూటా గండమే.

ఈ కట్టుబాటును మంచిదని మాత్రమే చెబితే అబద్ధమవుతుంది. వెట్టి కూడా ఇందులోనే ఉంది. దొర గడీకి కొన్ని చెట్లు విడిచిపెట్టాలి, ఆ చెట్ల కల్లు రోజూ ఉచితంగా పోయాలి, పండుగొస్తే ఇంకా ఎక్కువ పోయాలి. తెలంగాణ రైతాంగ పోరాటంలో గీత పని చేసే గౌడులు అంతమంది నిలబడ్డారంటే ఈ గడీ లొట్టి కూడా ఒక కారణం. అంతకు రెండు వందల ఏళ్ల ముందే, మా జనగామ దిక్కు ఖిలాషాపురంలో కోట కట్టుకున్న సర్వాయి పాపన్న కూడా గీత కులంలో పుట్టినవాడే. 1708లో వరంగల్ మీద దాడి చేశాడు, 1710లో మొగలుల చేతిలో చనిపోయాడు. చెట్టు ఎక్కడం వచ్చినవాడికి కోట గోడ ఎక్కడం కష్టం కాదని మా ఊరి పెద్దలు ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఇక హైదరాబాద్ దఫ్తరు కథకు వద్దాం. 1853 నుంచి 1883 దాకా దివాన్‌గా ఉన్న మొదటి సాలార్ జంగ్ భూమిశిస్తులో గుత్తల పద్ధతి తీసేసి, జిల్లాలు ఏర్పరిచి, జీతగాళ్లైన అధికారులను పెట్టాడు. కల్లు, సారా మాత్రం చాలాకాలం గుత్తలోనే నడిచాయి. ఒక ప్రాంతంలో కల్లు అమ్ముకునే హక్కును పాటలో పాడుకున్నవాడు గుత్తేదారు, దఫ్తరు భాషలో ముస్తాజిర్. ఇప్పపువ్వు సారా కాచే, అమ్మే హక్కు కూడా ఇట్లాంటి గుత్తల్లోనే చేతులు మారింది. ఈ వ్యాపారంలో స్థానిక షావుకార్లతో పాటు పార్సీ కుటుంబాలు కూడా పేరు తెచ్చుకున్నాయి. 1316 ఫసలీలో, అంటే 1906–07లో, హైదరాబాద్ ఆబ్కారీ చట్టం వచ్చింది. 1968లో ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం దాని చోటు తీసుకునేదాకా, అరవై ఏళ్లపాటు మా చెట్లన్నీ ఆ చట్టం నీడలోనే పెరిగాయి. నిజాం ఖజానాకు భూమిశిస్తు తర్వాత పెద్ద రాబడుల్లో ఆబ్కారీ ఒకటి. బడి పెట్టినా, రోడ్డు వేసినా, అందులో కల్లు డబ్బు కొంత ఉండేది.

దఫ్తరు ఏం లెక్కపెట్టిందో చూడండి. చెట్టును లెక్కపెట్టింది, దానికి నంబరు వేసింది, చెట్టుకింత అని పన్ను కట్టించింది, దుకాణానికి పాట పెట్టింది. పాట డబ్బు ఎంత పెరిగితే అధికారికి అంత మంచి పేరు. గుత్తేదారు ఆ డబ్బును ఎక్కడి నుంచి రాబట్టుకుంటాడు? గీసేవాడికి ఇచ్చే కూలిలో తగ్గిస్తాడు, అమ్మే కల్లులో నీళ్లు పెంచుతాడు. నాలుగు ఊళ్ల కల్లు ఒక్క దుకాణానికి చేరి, ఒక్క గంగాళంలో కలిసింది. కలిసిన మరుక్షణం ఆ మూడు ప్రశ్నలకూ జవాబు పోయింది. ఏ చెట్టుదో తెలియదు, ఎవరు గీశారో తెలియదు, ఎప్పుడు దించారో అసలే తెలియదు. మోకు వేసుకుని ఎక్కిన మనిషి తన కల్లు మీద తన పేరు పోగొట్టుకున్నాడు.

తాగుడు వల్ల బీదల ఇళ్లు కూలిపోవడం చూసి అదే కాలంలో హైదరాబాద్‌లో కొందరు ఎదురు నిలిచారు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన భాగ్యరెడ్డి వర్మ దళితవాడల్లో తిరిగి తాగుడు మానమని చెప్పాడు. గీత కులంలో పుట్టిన నేను ఆయన మాటను గౌరవిస్తాను. కూలి డబ్బంతా దుకాణంలో పోసి వచ్చినవాడి ఇంటి ఆడవాళ్లకు, ఆ కల్లు ఏ చెట్టుదైతే ఏం?

ఇక్కడ జపాన్ సంగతి చెప్పాలి. దూరపు దేశమే అయినా, సర్కారు, పన్ను, మద్యం ఈ మూడింటి కథ అక్కడా ఇట్లాగే మొదలైంది. టోక్యోలో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఒకసారి సాకే సీసా తెచ్చి, మంచి సాకేను ఎట్లా ఎంచుకుంటారో సీసా మీది కాగితం చూపిస్తూ చెప్పాడు. అప్పటి నుంచి దాని చరిత్ర చదువుతున్నాను.

సాకే బియ్యంతో చేసేది. కల్లులో చక్కెర చెట్టే ఇస్తుంది. బియ్యంలో ఉండేది పిండి, అది పులియదు. అందుకని ఆవిరిమీద ఉడికిన అన్నం మీద కోజి అనే బూజును పెంచుతారు. కోజి పిండిని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో ఈస్టు ఆ చక్కెరను మద్యంగా మారుస్తుంటుంది. సీసాలోకి వచ్చేసరికి పదిహేను పదహారు శాతం. కాచి ఆవిరి పట్టేది కాదు, కల్లులాగే పులియబెట్టేది. చలికాలంలో పల్లెల నుంచి సాకే కర్మాగారాలకు వచ్చి ఈ పని నడిపించే మేస్త్రీని తోజి అంటారు. ఒక్కో ప్రాంతం తోజీలకు ఒక్కో పద్ధతి, ఒక్కో పేరు.

మేజీ చక్రవర్తి కాలపు జపాన్ సర్కారు సాకే మీద పన్నును అంతకంతకూ పెంచింది. 1899 నాటికి మద్యం పన్ను రాబడి భూమిశిస్తును దాటింది. ఇంట్లో మద్యం చేసుకోవడాన్ని ఆ ఏడే నిషేధించింది. ఇక్కడిదాకా ముస్తాజిర్ కథకూ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ తర్వాతి అడుగులో తేడా వచ్చింది. తొట్టిలో సాకే చెడిపోతే కర్మాగారం దివాలా తీసేది, దాంతో పన్నూ పోయేది. కనుక పన్నులు వసూలు చేసే ఆర్థిక శాఖే 1904లో టోక్యోలో సాకే పరిశోధనాలయం పెట్టింది. మంచి ఈస్టును వేరుచేసి కర్మాగారాలకు పంచడం మొదలైంది. 1911 నుంచి దేశమంతటి కొత్త సాకేను రుచి చూసి తీర్పు చెప్పే పోటీ పెట్టారు. ఆ సంస్థ ఇప్పటికీ పన్నుల శాఖ కిందే, హిరోషిమా దగ్గర పనిచేస్తోంది.

వాళ్లూ చెడు రోజులు చూశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బియ్యం కరువైతే సాకేలో బయటి మద్యం కలిపి పెంచి అమ్మారు. యుద్ధం ముగిశాక చక్కెర, పులుపు కూడా కలిపిన సాకేనే ఏళ్ల తరబడి జనం తాగారు. ప్రత్యేక తరగతి, మొదటి తరగతి, రెండో తరగతి అని పన్ను కోసం పెట్టిన ముద్రలే నాణ్యత ముద్రలుగా చలామణి అయ్యాయి. 1990లో కొత్త నియమాలు అమల్లోకి వచ్చాయి. పాత తరగతులు 1992లో రద్దయ్యాయి. ఇప్పుడు సీసా మీద జున్మై అని ఉంటే బయటి మద్యం కలపలేదని అర్థం. గింజ పైపొర అరగదీసి అరవై శాతమో అంతకన్నా తక్కువో మిగిల్చిన బియ్యంతో చేస్తే గింజో, యాభై శాతమో అంతకన్నా తక్కువో అయితే దైగింజో. చేసిన కర్మాగారం పేరు, అరగదీశాక బియ్యం ఎంత మిగిలిందన్న శాతం ఉంటాయి. సీసాలో నింపిన తేదీ కూడా చాలా సీసాల మీద కనబడుతుంది. చాలా సాకేలను ఏడాదిలోపు తాగడం మంచిది. వేడి చేయకుండా నింపే నమా రకాన్ని చల్లగానే ఉంచాలి, త్వరగా ముగించాలి. అంటే సాకే కొనేవాడు వెతికేది మా ఊరి మనిషి వెతికినవే: దేనితో చేశారు, ఎవరు చేశారు, ఎప్పటిది. జవాబు కాగితం మీద ఉంది, ఆ జవాబుకు చట్టం కాపలా ఉంది. 2024 డిసెంబరులో యునెస్కో ఈ సాకే విద్యను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

హైదరాబాద్‌కు జపాన్‌ను చూసి నేర్చుకోవడం కొత్త కాదు. నిజాం ప్రభుత్వంలో విద్యాశాఖను నడిపిన రాస్ మసూద్ 1922లో జపాన్ వెళ్లి అక్కడి చదువుల పద్ధతి మీద పుస్తకమే రాశాడు. బడి గురించి వెళ్లి చూసిన రాజ్యం ఆబ్కారీ గురించి కూడా చూసి ఉంటే ఎంత బాగుండేదో!

1948లో నిజాం పాలన పోయాక రాజ్యం మారింది, దుకాణాల పాట మారలేదు. పోరాటం గీత కార్మికుల వైపు నుంచే మళ్లీ మొదలైంది. సూర్యాపేటలో పుట్టి, నల్లగొండ ఎంపీగా కూడా పనిచేసిన బొమ్మగాని ధర్మభిక్షం గీత కార్మికులను కూడగట్టినవాళ్లలో ముందుంటాడు. ‘గీసేవాడిదే చెట్టు’ అన్న నినాదం ఊరూరా మోగింది. దాని ఫలితంగా గీత సహకార సంఘాలు వచ్చాయి, గీసేవాడికే చెట్టు కేటాయించే లైసెన్సులు వచ్చాయి. నా దృష్టిలో గుత్తేదారు చేతిలోంచి చెట్టును వెనక్కి తెచ్చుకున్న పెద్ద గెలుపు ఇది. మా నాయన సంఘం సభ్యుడైన రోజు మా ఇంట్లో పండుగ.

ఈలోగా సారా వేరే దారి పట్టింది. ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో సర్కారీ సారా పొట్లాలు ఇంటి గుమ్మం దాకా వచ్చాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారాను ఆపారు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో సడలించారు. ఇంత జరిగినా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి మిగిలింది: నగరంలో అమ్మే కల్లు ఎక్కడిది?

హైదరాబాద్‌లో కల్లు దుకాణాన్ని కాంపౌండ్ అంటారు. కూలీలు, రిక్షావాళ్లు, ఇళ్లల్లో పాచిపనులు చేసే ఆడవాళ్లు సాయంత్రం అక్కడ చేరి, గుడాలు తింటూ అలసట తీర్చుకునేవాళ్లు. కాని నగరంలో గీసే వనాలు ఏవి? ఒక తాటిచెట్టు రోజుకు పారేది కొద్ది లీటర్లే. జిల్లాల నుంచి బండ్లలో వచ్చేసరికి అది పులిసిపోతుంది. అడిగేవాళ్లు వేలమంది, వచ్చేది కొద్దిపాటి. ఆ లోటును మందుతో పూడ్చారు. క్లోరల్ హైడ్రేట్, డయాజిపామ్, అల్ప్రాజోలం అనే నిద్రమందులను నీళ్లలో కలిపి, తీపికి శాకరిన్ వేసి అమ్మారు. మావాళ్లు దాన్ని మందుకల్లు అంటారు. దానికి అలవాటుపడ్డ మనిషికి ఒక్కసారిగా దొరక్కపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, పిచ్చిగా ప్రవర్తిస్తాడు. 2015లో కల్తీ మీద దాడులు గట్టిగా జరిగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల ఆసుపత్రులు ఇట్లాంటి రోగులతో నిండాయి. అది కల్లు మానినందువల్ల వచ్చిన రోగం కాదు, మందు మానినందువల్ల వచ్చింది.

2004లో నగరంలో కల్లు దుకాణాలను మూయించారు, 2014లో తిరిగి తెరిచారు. మూసినా తెరిచినా మూడు ప్రశ్నలకు జవాబు రాలేదు. 2025 జులైలో కూకట్‌పల్లి దిక్కు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు, లొట్టి మూతి దగ్గర ముక్కు పెట్టి వాసన చూసే మా నాయన కళ్లముందు మెదిలాడు. ఆయన విద్య ఈ కల్లు దగ్గర పనిచేయదు. శాకరిన్ తీపి కింద నిద్రమందు దాగితే ఏ ముక్కూ ఏ నాలుకా పట్టలేవు. పట్టగలిగేది పరీక్షశాల ఒక్కటే.

మంచి మార్పులు లేవని కాదు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు. 2024లో కాటమయ్య పేరుతో రక్షణ కవచాలు పంచడం మొదలుపెట్టారు. చెట్టు మీంచి పడి నడుం విరిగిన మనుషులను చూసిన ఇంట్లోంచి వచ్చినవాడిగా ఆ కవచానికి చేతులెత్తి మొక్కుతాను. గీసేవాడి ప్రాణానికి రక్షణ దొరికినట్టే తాగేవాడి ప్రాణానికీ దొరకాలి.

అందుకు చేయాల్సింది ఎం.జె. రోడ్డు మీది ఆబ్కారీ కార్యాలయం చేతిలోనే ఉంది. సంఘం పేరు, ఊరు, చెట్ల నంబర్లు ఇప్పటికే శాఖ రికార్డుల్లో ఉన్నాయి. వాటిని ప్రతి దుకాణం ముందు పలక మీద తెలుగులో రాయించాలి. కల్లు ఏ ఊరి నుంచి ఏ పొద్దున వచ్చిందో రోజూ రాయాలి. నమూనాలను పరీక్షించి ఫలితాన్ని అదే పలక మీద అతికించాలి. తాటి, ఈత కల్లు మీద పరిశోధించే సంస్థ ఒకటి పన్ను రాబడిలోంచే పెట్టాలి. ఊళ్లో చెట్టు కింద అమ్ముకునే గీత కార్మికుడికి అడ్డంకులు తగ్గించి, చెట్లు లేని చోట పెద్ద దుకాణాలను తగ్గించాలి. కొత్త ఈత, తాటి వనాలు పెంచాలి.

చదివేవారికి కూడా ఒక మాట. తాగనివారు ఈ పలక కోసం అడగండి, మీ వీధిలో చనిపోయేది ఎవరో ఒకరి ఇంటి మనిషే. తాగేవారు, ఏ ఊరి కల్లో ఎవరు గీశారో చెప్పలేని దుకాణంలో గుక్కెడు కూడా తాగకండి.